సోఫాకు చీటీ ఉందా?

బ్రిటన్‌లో ఇంట్లో సామాన్లు లేక అవస్థ పడే పేదలున్నారని మన ఊళ్ళో ఎవరికైనా చెబితే ముందుగా వచ్చే ప్రశ్న ఒకటే. చాప పరుచుకుని పడుకోవచ్చుగా? ఇందులో వెటకారమేమీ లేదు. తరతరాలుగా నేల మీద కూర్చుని తిని, నేల మీదే పక్కేసుకున్న జనం అడగాల్సిన ప్రశ్నే అది. మంచం లేకపోవడం మన దగ్గర కొంచెం లోటు. సోఫా లేకపోవడం అసలు లోటే కాదు. అలాంటిది, వాడేసిన కుర్చీలూ బల్లలూ పోగుచేసి పేద ఇళ్ళకు చేర్చడానికే అక్కడ ఊరూరా ధర్మసంస్థలున్నాయని, వాటికి గోడౌన్లు, వ్యాన్లు, అన్నిటికీ కలిపి ఒక జాతీయ సంఘం కూడా ఉన్నాయని వింటే తిన్నది అరగనివాళ్ళ వ్యవహారంలా అనిపించడం సహజం.

జవాబు నేల దగ్గరే ఉంది.

మన ఇల్లు ఎంత పేదదైనా నేల ఇంటితోపాటే వస్తుంది. షాబాదు బండలో, బేతంచెర్ల బండలో, సిమెంటు గచ్చో, చివరికి పేడతో అలికిన మట్టో. ఊడ్చి తడిగుడ్డ పెడితే అదే మంచం, అదే భోజనాల బల్ల. బ్రిటన్‌లో కౌన్సిళ్ళు, హౌసింగ్ అసోసియేషన్లు తక్కువ అద్దెకిచ్చే ఇళ్ళలో మాత్రం నేల ఇంటిలో భాగం కాదు, సామాన్లలో భాగం. అంటే కార్పెట్ అద్దెకున్నవాళ్ళదే. వాళ్ళు ఖాళీ చేయగానే యజమాని దాన్ని పీకి పారేస్తాడు. అడుగున కనిపించేది గరుకు చెక్కలో, వట్టి కాంక్రీటో. గోడల వెంట కార్పెట్‌ను పట్టి ఉంచిన మేకుల పట్టీలు కొన్నిసార్లు అలాగే మిగిలిపోతాయి, పాకే పిల్లలకు స్వాగతం చెప్పడానికి. ఏడాదిలో నాలుగైదు నెలలు ఆ కాంక్రీటు మీద చాప పరిచి పడుకోవడం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. పరుపును నేరుగా నేల మీద వేస్తే కొద్ది రోజుల్లోనే కింది నుంచి చెమ్మ పట్టి బూజు మొదలవుతుంది.

పీకేయడం ఎందుకని అడిగితే యజమానులు చెప్పే కారణాలు వినడానికి బాగానే ఉంటాయి. పాత కార్పెట్లలో పురుగులుండొచ్చు. ముందున్నవాళ్ళ పిల్లి వాసన ఉండొచ్చు. వదిలేస్తే రేపు ఎవరైనా దాని అంచు తగిలి పడితే బాధ్యత తమది. అందుకని, నిన్నమొన్న వేయించిన మంచి కార్పెట్ అయినా సరే, పాత చెత్తతో కలిపి ఎత్తేయడమే సురక్షితమని తేల్చుకున్నారు. సురక్షితం ఎవరికి అన్నది వేరే సంగతి.

కార్పెట్‌తో ఆగదు. ఆ ఇంట్లో పొయ్యి ఉండదు. ఫ్రిజ్ ఉండదు. కిటికీలకు తెరలుండవు, వాటిని తగిలించే కడ్డీలు కూడా ఊడిపోయి ఉంటాయి. బీరువా, మంచం సంగతి అడగనక్కర్లేదు. ఎండ్ ఫర్నిచర్ పావర్టీ అనే ప్రచార సంస్థ లెక్క ప్రకారం ఇలాంటి సామాజిక గృహాల్లో ఎంతో కొంత సామానుతో అద్దెకిచ్చేవి 2 శాతం మాత్రమే. మార్కెట్ అద్దె కట్టగలిగినవాళ్ళు ప్రైవేటు యజమాని దగ్గరికి వెళ్తే సామానున్న ఇల్లు చాలా తేలికగా దొరుకుతుంది. బొత్తిగా ఏమీ లేనివాళ్ళకు మాత్రం బొత్తిగా ఏమీ లేని ఇల్లే ఇస్తారు.

ఈ ఇళ్ళు దక్కేది ఎవరికో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. సామాను లారీకెత్తుకుని వచ్చే కుటుంబాలకు కాదు. భర్త కొడుతుంటే పిల్లల్ని, రెండు సంచుల్ని పట్టుకుని అర్ధరాత్రి బయటపడి, కొన్ని నెలలు షెల్టర్‌లో తలదాచుకున్న ఆవిడకు. ప్రభుత్వ సంరక్షణలో పెరిగి పద్దెనిమిదేళ్ళు నిండగానే సొంతంగా బతకమని పంపేసిన కుర్రాడికి. హాస్టళ్ళు, ఫుట్‌పాత్‌ల మీదుగా వచ్చినవాళ్ళకు, జైలు నుంచి విడుదలైనవాళ్ళకు, శరణార్థిగా గుర్తింపు వచ్చీ రాగానే అప్పటిదాకా ఉన్న వసతి ఖాళీ చేయాల్సినవాళ్ళకు. ఏళ్ళ తరబడి నిరీక్షించాక ఇల్లు వచ్చిందని ఫోన్ వస్తుంది. ఆలోచించుకోవడానికి ఇచ్చే గడువు రోజుల్లో ఉంటుంది. చాలాచోట్ల అద్దె సోమవారం నుంచి మొదలవుతుంది. కొత్తగా యూనివర్సల్ క్రెడిట్ భృతికి దరఖాస్తు చేసుకుంటే మొదటి చెల్లింపు అందడానికి 5 వారాలు పడుతుంది. ముందుగా కొంత కావాలంటే ఇస్తారు, అప్పుగా. అంటే ఆ ఇంటి తాళాలు చేతిలో పడిన రోజున మనిషి దగ్గర ఇల్లుంటుంది, అద్దె బాకీ ఉంటుంది, కూర్చోవడానికి కుర్చీ ఉండదు.

ఒకప్పుడు ఈ ఖాళీని నింపే బాధ్యత ప్రభుత్వానిదే. 1980ల మధ్య వరకూ భృతి మీద బతికేవాళ్ళు మంచం, పరుపు లాంటి వాటికి ఒకేసారి చెల్లింపు కోరవచ్చు, నిబంధనలకు సరిపోతే అది హక్కు. 1988లో సోషల్ ఫండ్ వచ్చి ఆ హక్కును అధికారి విచక్షణగా మార్చింది. ఎక్కువ భాగం అప్పులుగా, కొంత భాగం కమ్యూనిటీ కేర్ గ్రాంట్లుగా ఇచ్చేవారు. 2012 నాటి సంక్షేమ సంస్కరణల చట్టంతో 2013 ఏప్రిల్ నుంచి ఆ గ్రాంట్లూ పోయాయి. స్కాట్లాండ్, వేల్స్ తమతమ పథకాలు పెట్టుకున్నాయి. ఇంగ్లండ్‌లో మాత్రం మీ ప్రాంతానికి ఏది అవసరమో మీకే బాగా తెలుసు కాబట్టి మీరే చూసుకోండని కౌన్సిళ్ళకు అప్పగించారు. కింది వాళ్ళ వివేకం మీద పైవాళ్ళకు ఇంత నమ్మకం కుదిరే సందర్భం సాధారణంగా డబ్బు తగ్గించేటప్పుడే వస్తుంది. పథకం నడిపి తీరాలన్న చట్టబద్ధమైన నిర్బంధం లేదు, ఇచ్చిన నిధి దానికే ఖర్చు పెట్టాలన్న షరతూ లేదు. కొన్ని కౌన్సిళ్ళు బాగా నడిపాయి, కొన్ని పేరుకు నడిపాయి, కొన్ని మూసేశాయి.

ఈ ఖాళీలోకి వచ్చిన మరో రకం వాళ్ళ గురించి కూడా చెప్పాలి. వారంవారం కొద్దికొద్దిగా కట్టి సోఫా, వాషింగ్ మెషిన్ సొంతం చేసుకోమనే దుకాణాలు. బ్యాంకు అప్పు పుట్టనివాళ్ళే వాటి ఖాతాదార్లు. వడ్డీ, బీమా కలిపితే అసలు ధరకు రెండింతలు, ఒక్కోసారి అంతకు మించి కట్టేవారు. 2019 ఏప్రిల్‌లో ఆర్థిక నియంత్రణ సంస్థ రంగంలోకి దిగి, అప్పు ఖర్చు వస్తువు ధరను మించకూడదని పరిమితి పెట్టింది. వందకు రెండు వందల కన్నా ఎక్కువ గుంజకూడదన్నది అక్కడ సంస్కరణ కిందే లెక్క. వాటిలో అతి పెద్దదైన బ్రైట్‌హౌస్ 2020 మార్చిలో కుప్పకూలింది.

ధర్మసంస్థల పాత్ర ఇక్కడ మొదలవుతుంది. మామూలుగా వీటి గురించి రాసేటప్పుడు దాత మంచి మనసు, అందుకున్నవారి కన్నీళ్ళు చూపించి ముగిస్తారు. ఆ రెంటికీ మధ్య ఉన్న దూరంలోనే అసలు కథంతా ఉంది. ఆ దూరాన్ని దాటించేది దయ కాదు, ఒక వ్యాను, దాన్ని నడిపేవాడు, రెండో వైపు ఎత్తేందుకు ఇంకొకడు.

దాత ఫోన్ చేస్తాడు. మా దగ్గర చాలా మంచి సోఫా ఉంది, వచ్చి తీసుకెళ్ళండి అంటాడు. అవతలి నుంచి థాంక్స్ తర్వాత వచ్చే మొదటి ప్రశ్న: దానికి చీటీ ఉందా? చాలామంది దాతలు ఇక్కడే నొచ్చుకుంటారు. ఏ చీటీ? సీటు దిళ్ళ కిందో, అడుగు భాగానో కుట్టి ఉంటుంది, మంటల పరీక్ష పాసైందని చెప్పే గుడ్డముక్క. ఓ, అదా, గీరుకుంటోందని కొన్న రోజే కత్తిరించేశాం! అయితే సోఫా తీసుకోలేమండీ అంటారు. పది కాలాలు మన్నే తోలు సోఫా, మరక లేదు, చిరుగు లేదు. అంగుళమంత గుడ్డముక్క లేనందుకు అది పేదవాడి ఇంటికి వెళ్ళదు, చెత్తకు వెళ్తుంది.

పిచ్చి నిబంధన అనుకునే ముందు 1979 మే 8న మాంచెస్టర్‌లో ఏం జరిగిందో తెలుసుకోవాలి. పికడిలీలోని వూల్‌వర్త్స్ దుకాణంలో అమ్మకానికి పేర్చిన ఫర్నిచర్‌కు నిప్పంటుకుంది. అప్పటి సోఫాలు, కుర్చీల్లో నింపేది పాలీయురేథేన్ నురుగు. తేలిక, చవక, మెత్తన, అంటుకుంటే మాత్రం నిమిషాల్లో విషపు పొగ. ఆ రోజు 10 మంది చనిపోయారు. ఇళ్ళలోనూ ఇదే కథ జరుగుతూ ఉండేది, సిగరెట్ చేతిలో పట్టుకుని సోఫాలో నిద్రపోయినవాళ్ళ ఇళ్ళలో మరీను. చివరికి 1988లో ఫర్నిచర్ అగ్నిభద్రతా నిబంధనలు వచ్చాయి. సిగరెట్ పెట్టినా, అగ్గిపుల్ల అంటించినా గుడ్డ, నురుగు తట్టుకోవాలి. తట్టుకున్నాయని చీటీ కుట్టాలి. కొత్త సరుకుకే కాదు, వాడినదాన్ని అమ్మేవాళ్ళకూ ఇది వర్తిస్తుంది, ధర్మసంస్థ అయినా సరే. 1950కి ముందు తయారైనవాటికి మినహాయింపు ఉంది. నురుగు రాకముందు కాలపు గుర్రపు వెంట్రుకల కుర్చీ ఉంటే నిశ్చింతగా ఇవ్వవచ్చు, తీసుకునేవాళ్ళుంటే.

నిబంధన ప్రాణాలు కాపాడింది. కథ అక్కడితో అయిపోలేదు. గుడ్డ అంటుకోకుండా ఉండాలంటే తయారీదార్లకు చవకైన దారి, వెనక వైపు బ్రోమిన్ ఉన్న రసాయనాలు దట్టించడం. వాటిలో డెకా-బీడీఈ అనేది ప్రకృతిలో కరగదు, ఒంట్లో పేరుకుంటుంది. 2017లో స్టాక్‌హోమ్ ఒప్పందం కింద దాన్ని నిషేధిత జాబితాలో చేర్చారు. 2023 జనవరి నుంచి ఇంగ్లండ్ పర్యావరణ సంస్థ, చెత్తగా వచ్చే మెత్తటి సోఫాలు, కుర్చీలను పూడ్చడానికి వీల్లేదని, మిగతా చెత్తలో కలపకుండా విడిగా ఉంచి అధిక ఉష్ణోగ్రత వద్ద కాల్చేయాలని చెప్పింది. ఎన్నటికీ కాలకూడదని రసాయనం పట్టించిన వస్తువును ఆ రసాయనం వల్లే కాల్చి తీరాలి. వ్యంగ్య రచయితలు ఇలాంటిది కల్పిస్తే అతి చేశారని సంపాదకులు కొట్టేస్తారు.

ధర్మసంస్థకు దీని భారం ఎలా పడుతుందో చూడండి. చీటీ ఉండి, గట్టిగా ఉండి, ఎవరో ఒకరు కూర్చునేంత కాలం సోఫా సోఫాయే. మళ్ళీ వాడుకోవడానికి ఏ అడ్డూ లేదు. పనికిరాదని తేల్చిన మరుక్షణం అది ప్రత్యేక చెత్త, దాన్ని పారేయాలంటే బిల్లు కట్టాలి. అందుకే గుమ్మం దగ్గర అన్ని ప్రశ్నలు. ఫోటో పంపండి, కొలతలు చెప్పండి, ఇంట్లో పిల్లి ఉందా, పొగ తాగుతారా. దాతకు ఇది దానం ఇస్తుంటే చేసే తనిఖీలా ఉంటుంది. నిజానికి సంస్థకు అతి ఖరీదైన దానం పనికిరాని దానమే.

కొలతల సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే దాతల ప్రపంచం, అందుకునేవాళ్ళ ప్రపంచం వేరని అక్కడే తెలుస్తుంది. ఇచ్చేవాళ్ళలో చాలామంది తల్లో తండ్రో పోయాక పెద్ద ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్ళు. వాళ్ళ దగ్గర ఉండేవి ఎనిమిది మంది కూర్చునే ఓక్ బల్ల, ఇద్దరు మనుషులు లోపల నిలబడగలిగే బీరువా, పియానో. పియానో ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరు ఇస్తానంటారు, ప్రతి ఊళ్ళోనూ వద్దంటారు. అందుకునేవాళ్ళు ఉండేది నాలుగో అంతస్తులో, మెట్లు మలుపు తిరిగే చోట, లిఫ్ట్ ఉంటే సగం రోజులు పనిచేయని భవనంలో. వాళ్ళకు కావలసింది విడదీసి పైకి మోసుకెళ్ళగలిగిన సింగిల్ మంచం, ఇద్దరు కూర్చునే చిన్న సోఫా, సొరుగుల పెట్టె, మడిచే బల్ల. మంచాలకు ఎప్పుడూ కొరతే. గోడౌన్‌లో అద్దాల బీరువాలు పేరుకుపోతాయి.

కరెంటు వస్తువులైతే పరీక్ష చేసి సర్టిఫికెట్ అంటించాలి. గ్యాస్ పొయ్యి బిగించడానికి లైసెన్సున్న మనిషే రావాలి. పరుపులకు మరకలుంటే కుదరదు, నల్లుల భయం వేరే. కొన్ని సంస్థలు పాత పరుపులు ముట్టుకోవు, చందాలు పోగుచేసి కొత్తవే కొంటాయి.

వచ్చే సరుకు నాణ్యత తగ్గుతోందన్నది గోడౌన్లలో పనిచేసేవాళ్ళ నిత్యపు ఫిర్యాదు. దీనికో చరిత్ర ఉంది. ఐకియా 1987లో వారింగ్టన్‌లో తొలి బ్రిటిష్ దుకాణం తెరిచింది. 1996లో ఒక టీవీ ప్రకటన వేసింది. ఆడవాళ్ళంతా కలిసి ఇంట్లోని పూల డిజైన్ల సోఫా కవర్లు, తెరలు, పాతకాలపు దీపపు గుడ్డలు తెచ్చి వీధిలోని చెత్త డబ్బాలో విసిరికొడతారు, ఆ చింట్జ్ పారేయండహో అని పాడుతూ. మూడు శతాబ్దాల కిందట మచిలీపట్నం రేవు నుంచి డచ్చి, ఇంగ్లీషు కంపెనీలు ఓడలకెత్తిన మన కలంకారీ బట్టల వంశానికి చెందిన పూలే అవి. ఎలా వెళ్ళాయో అలాగే పోయాయి, వ్యాపారం కోసం. వాటి స్థానంలో వచ్చింది రంపపుపొట్టును జిగురుతో అదిమి చేసిన పలక. ఒకసారి బిగిస్తే బాగానే నిలబడుతుంది. విప్పి మళ్ళీ బిగిస్తే మర పట్టుకోదు. మూడోసారి ఆ ప్రశ్నే రాదు. తాతగారి ఓక్ బీరువా మెట్లెక్కదు, మనవడి పొట్టుపలక బీరువా ఇల్లు మారడాన్ని తట్టుకోదు. ఈ రెంటి మధ్య దొరికినదే సంస్థ సరుకు.

ఇప్పుడు డబ్బు. సామాను ఉచితం, మిగతావన్నీ కొనాలి. గోడౌన్ అద్దె, డీజిల్, బీమా, డ్రైవర్ జీతం. మెట్లెక్కి సోఫా దించి, ఇంకో చోట మెట్లెక్కి చేర్చేసరికి ఆ సోఫా పేదవాడు ఇచ్చుకోగల ధరను దాటిపోతుంది. కాబట్టి సంస్థ దుకాణం కూడా పెట్టాలి. ధర్మసంస్థ అమ్మే దానపు వస్తువుల మీద వ్యాట్ సున్నా. దుకాణం మీద స్థానిక పన్నులో 80 శాతం మినహాయింపు. దాత ఆదాయపు పన్ను కట్టేవాడైతే, అతని అనుమతితో అమ్మిన ప్రతి పౌండుకు ప్రభుత్వం 25 పెన్నీలు కలుపుతుంది. భృతి కాగితం చూపిస్తే తక్కువ ధర, లేకపోతే పూర్తి ధర. పూర్తి ధర కట్టడానికి వచ్చేవాళ్ళలో అరవైల నాటి ఎర్కోల్ కుర్చీ, జీ ప్లాన్ సైడ్‌బోర్డు కోసం వెతికే నాగరికులుంటారు. పాతదాని మీద మోజు ఉన్నవాడు కొన్న ఒక్క సైడ్‌బోర్డుతో, పాతది తప్ప గతి లేనివాళ్ళ ఇళ్ళకు కొన్ని మంచాలు చేరతాయి. అభిరుచిని పన్నుగా వసూలు చేసే ఈ పద్ధతిని ఏ ఆర్థిక మంత్రీ ఇంతవరకు కనిపెట్టలేకపోయాడు.

చెత్త మీద పన్ను కూడా వీటికి పరోక్షంగా కలిసొచ్చింది. 1996 అక్టోబరులో చెత్తను పూడ్చడం మీద పన్ను మొదలైనప్పుడు టన్నుకు 7 పౌండ్లు. 2025 ఏప్రిల్ నాటికి 126 పౌండ్ల 15 పెన్నీలు. పెద్ద సామాన్లు కౌన్సిల్ వచ్చి పట్టుకెళ్ళాలంటే చాలాచోట్ల ఇంటివాళ్ళు రుసుము కట్టాలి. అది ఎగ్గొట్టడానికి రాత్రిపూట దారి పక్కన పడేసి పోతారు. ఇంగ్లండ్‌లో ఇలా దొంగచాటుగా చెత్త పారేసిన ఘటనలు ఏటా పది లక్షలు దాటుతున్నాయి. కాబట్టి ధర్మసంస్థ తీసుకెళ్ళే ప్రతి బల్లా కౌన్సిల్‌కు మిగులే. కొన్ని కౌన్సిళ్ళు ఈ మిగులులో కొంత సంస్థలకు చెల్లిస్తాయి. లివర్‌పూల్‌లో దీన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్ళారు. 1988లో మొదలైన ఫర్నిచర్ రిసోర్స్ సెంటర్, బల్కీ బాబ్స్ పేరుతో నగరంలోని పెద్ద సామాన్ల సేకరణ కాంట్రాక్టే తీసుకుంది. చెత్తగా పారేసినదాన్నే ముందు తన చేతుల్లోకి తెచ్చుకుని, పనికొచ్చేది విడదీసి, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు అమ్ముతుంది. దాత మనసు కరిగేదాకా ఆగనక్కర్లేదు.

ఈ పనికి పూర్వీకులు పారిస్ శివార్లలో ఉన్నారు. 1949లో నయీ-ప్లెజాన్స్‌లో అబ్బే పియేర్ అనే క్యాథలిక్ మతగురువు ఇల్లులేనివాళ్ళతో కలిసి ఎమ్మావుస్ అనే సముదాయం మొదలుపెట్టాడు. పాత సామాన్లు ఏరి, బాగుచేసి, అమ్ముకుని ఆ డబ్బుతోనే బతకడం వాళ్ళ పద్ధతి. 1954 ఫిబ్రవరి 1న, ఎముకలు కొరికే చలిలో, ఆయన రేడియోలో చేసిన విజ్ఞప్తితో ఫ్రాన్స్ కదిలింది, ఆ ఉద్యమం దేశాలు దాటింది. బ్రిటన్‌లో తొలి సముదాయం 1990ల మొదట్లో కేంబ్రిడ్జి దగ్గర వెలిసింది. అక్కడ ఉండేవాళ్ళను లబ్ధిదారులనరు, సహచరులంటారు. నిరుద్యోగ భృతి వదులుకుని వారమంతా పనిచేస్తారు, సోఫాలు మోస్తారు, బల్లలు నునుపు చేస్తారు, దుకాణం నడుపుతారు. అంటే సామాను ఎవరికి చేరుతుందన్నదాని కన్నా ఎవరి చేతుల మీదుగా చేరుతుందన్నది వాళ్ళకు ముఖ్యం. స్థాపకుడి కథ మాత్రం అంత శుభ్రంగా మిగల్లేదు. ఆయన చనిపోయిన పదిహేడేళ్ళకు, 2024లో, లైంగికంగా వేధించాడని పలువురు మహిళలు చెప్పిన సంగతులను ఎమ్మావుస్ తానే నివేదిక వేయించి బయటపెట్టింది. ఆయన పేరుతో ఉన్న గృహవసతి ఫౌండేషన్ పేరు మార్చుకుంది. సోఫాలు మోసే పని ఆగలేదు.

పేదవాడికి పాతదే ఎందుకివ్వాలి అన్న ప్రశ్న ఈ రంగంలోనే ఉంది, బయటివాళ్ళు వేసింది కాదు. ఎవరో వాడి వదిలేసినదాన్ని నీకిది చాలులే అన్నట్టు ఇస్తే, ఇల్లు నిండినా మనసు చివుక్కుమంటుంది. దీనికి ఒక జవాబు, మనిషిని గోడౌన్‌కు పిలిచి ఎంచుకోమనడం. నీలం సోఫా వద్దు, ఆ పచ్చది కావాలి అనగలిగితే వ్యవహారం మారిపోతుంది. చిన్న ధరైనా పెట్టి అమ్మడం వెనక ఉన్న ఆలోచనా అదే. దానం తీసుకున్నవాడు నోరెత్తలేడు, కొనుక్కున్నవాడు బల్ల కాలు ఊగుతోందని ఫోన్ చేసి దెబ్బలాడగలడు. లివర్‌పూల్ సంస్థ ఇంకో దారి కూడా పట్టింది. కొత్త సామాన్ల సెట్లు గృహసంస్థలకు సరఫరా చేస్తూ, ఎండ్ ఫర్నిచర్ పావర్టీ ప్రచారంతో అసలు సామానుతోనే ఇళ్ళు అద్దెకివ్వండని ఒత్తిడి తెస్తోంది. సామాను వాడకానికి అద్దెతోపాటు కొంత వసూలు చేస్తే, అర్హులకు ఆ మొత్తం గృహభృతిలోనే వస్తుంది. నా దృష్టిలో ఈ రెండోదే సరైన దారి. ధర్మసంస్థ ఎంత చక్కగా నడిచినా, పీకేసిన కార్పెట్ స్థానంలో ఎవరో పారేసిన కార్పెట్ వెతికి తేవడం, ముందు చిల్లు పొడిచి తర్వాత మాట్లు వేయడమే. వేల్స్ ఈ మాట కొంత విన్నది. అక్కడ 2023 గృహ నాణ్యతా ప్రమాణాల ప్రకారం సామాజిక గృహం చేతులు మారేటప్పుడు గదుల్లో, మెట్ల మీద నేలకు పరుపుదల ఉండాలి. ఇంగ్లండ్‌లో అలాంటి నిబంధన కోసం ఇంకా అడుగుతూనే ఉన్నారు.

మన దగ్గర ఇలాంటి సంస్థలు పెద్దగా ఎందుకు పుట్టలేదంటే, మనం మహాదాతలమనీ కాదు, పిసినార్లమనీ కాదు. వస్తువు చెత్తదాకా రాకుండా ఆపే మెట్లు ఎక్కువ. టేకు మంచం అన్నదమ్ముల వాటాల్లోకి వెళ్తుంది. పాత బీరువా ఊరికి వెళ్తుంది, లేదా వాచ్‌మన్ గదికి. కుర్చీలు పనిమనిషి ఇంటికి. ఇంకా మిగిలితే హైదరాబాద్‌లో జాంబాగ్ పాత ఫర్నిచర్ దుకాణాలున్నాయి, ఎర్రగడ్డ ఆదివారం సంత ఉంది, గురువారాల జుమ్మేరాత్ బజార్ ఉంది. ఇందులో దానం పాలు ఎంతో, ఇంట్లో చోటు ఖాళీ చేసుకోవడం ఎంతో, జీతం పెంచమని అడక్కుండా చూసుకోవడం ఎంతో తేల్చడం కష్టం. వాడిన వస్తువును గౌరవంగా ఎలా ఇవ్వాలని వ్యవస్థగా ఆలోచించినవాళ్ళలో 1999లో అన్షు గుప్తా మొదలుపెట్టిన గూంజ్ ముందుంటుంది. ఊళ్ళో బావి తవ్వినందుకో రోడ్డు బాగుచేసినందుకో ప్రతిఫలంగా బట్టలివ్వడం దాని పద్ధతి. ఆయనకు 2015లో మెగసెసే పురస్కారం వచ్చింది. అది ప్రధానంగా బట్టల ప్రపంచం, సోఫాను సంచిలో పెట్టి పంపలేం.

ఆ మెట్లు కూడా ఇప్పుడు ఒక్కొక్కటే విరుగుతున్నాయి. 2018 ఆగస్టు 9న ఐకియా దేశంలో తన తొలి దుకాణం తెరిచింది హైదరాబాద్‌లోనే. పొట్టుపలక బీరువాలు, ఎల్ ఆకారపు సోఫాలు అంతకుముందే వచ్చాయి, ఇప్పుడు గేటెడ్ కమ్యూనిటీల నిండా ఉన్నాయి. ఎల్ ఆకారపు సోఫా వాచ్‌మన్ గదిలో పట్టదు. ఊరికి పంపితే లారీ కిరాయి సోఫా విలువను మించుతుంది. పొట్టుపలకను జాంబాగ్ వ్యాపారి చేత్తో తట్టి చూసి తల తిప్పుకుంటాడు. వానాకాలం ముందు నాలాల పూడిక తీస్తే పరుపులు, సోఫాలు బయటపడడం హైదరాబాద్ వార్తల్లో మామూలైపోయింది.

బ్రిటన్‌లో ఉన్న తెలుగు కుటుంబాలకు ఈ విషయంతో సంబంధం నేరుగానే ఉంది. ప్రాజెక్టు అయిపోయి తిరిగొచ్చేవాళ్ళు, సొంతిల్లు కొని మారేవాళ్ళు వాట్సాప్ గ్రూపులో ముందు అమ్మకానికి పెడతారు, తర్వాత సగం ధరకు, ఆఖరి వారంలో ఉచితమంటారు, విమానం ముందు రోజు ధర్మసంస్థకు ఫోన్ చేస్తారు. వాళ్ళ వ్యాను రెండు మూడు వారాల దాకా ఖాళీ ఉండదు. ఇవ్వాలనుకుంటే నెల ముందే చెప్పండి. సోఫా చీటీ ఫోటో తీసి పంపండి, చీటీ ఉంటే కత్తిరించకండి. పోపు వాసన పట్టిన తెరలు, దిళ్ళు ఉతికి ఇవ్వండి. మనకు తెలియదు గానీ గోడౌన్‌లో తెలుస్తుంది. మంచం విప్పితే బోల్టులు, మర తిప్పే ఆ చిన్న తాళంచెవి ఒక కవర్లో వేసి మంచం పట్టెకే టేపుతో అంటించండి. బోల్టులు లేని మంచాలు వాళ్ళ దగ్గర ఇప్పటికే చాలా ఉన్నాయి.